ఆ చివరి పేజీ గురించి

తమ్ముడూ, వందనాలు.

నీ వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి చెన్నైలో బేసిన్ బ్రిడ్జి దగ్గర లోకల్ రైలు ఆగిపోతే అక్కడే నిలబడి ఫోన్‌లో చదివాను, ఇంటికొచ్చాక ప్రింటు తీయించుకుని, పెన్ను పట్టుకుని ఇంకో రెండుసార్లు.

మీ అక్క పాప పందొమ్మిది రోజులు బతికి వెళ్ళిపోవడం, సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక మేడ మీద తాడుకి ఇంకా వేలాడుతున్న ఆ చిన్న తువ్వాలుని ఎవరు తీయాలో తెలియక ఇంట్లో ఐదుగురూ మెట్ల దగ్గరే నిలబడిపోవడం, ఆఖరికి పక్కింటి తమిళావిడ ఒక్క మాటా అనకుండా దాన్ని తీసి మడతపెట్టి మీ అమ్మ చేతిలో పెట్టడం... ఆ పేజీ దగ్గర నాకు ఊపిరాడలేదు. రాయడం నీకు వచ్చు, ఆ విషయంలో ఇక టెన్షన్ పడకు.

తర్వాత ఆదరణ కూడిక, దుఃఖంలో ఉన్న ఇంటివాళ్ళని ఓదార్చడానికి సంఘం కూడేది. ఎవరో "దేవుడు తన తోటకి మొగ్గని కోసుకున్నాడమ్మా" అన్నారని, మీ అక్క లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుందని రాశావు. ఇప్పుడేం చెప్తావా అని పేజీ తిప్పితే బైబిల్లో పౌలు రాసిన రోమా 8:28 పెట్టేసి, "జరిగేదంతా మన మేలుకే" అని ముగించేశావు. మీ అక్క ఏ మాట భరించలేక లేచి వెళ్ళిందో దాదాపు అదే మాట కదా తమ్ముడూ, కాకపోతే నువ్వు రిఫరెన్సు ఇచ్చి చెప్పావు.

ఆ వచనం నేనూ నమ్ముతాను. మా ఆయన పోయిన ఏడాది దాన్ని పట్టుకునే బతికాను. కానీ బైబిలు తెరిచి ఒక్క రెండు వచనాలు పైకి చూడు. 26వ వచనంలో దేవుని ఆత్మ మన పక్షంగా "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" విజ్ఞాపన చేస్తున్నాడని ఉంది. ఇంకా పైన సృష్టి అంతా మూలుగుతోంది, మనమూ మూలుగుతున్నాం. పౌలు ఆ మూలుగులన్నీ దాటుకుంటూ వచ్చాక గానీ 28వ వచనం రాయలేదు. మనం మాత్రం మూలుగుని వదిలేసి నేరుగా మేలు దగ్గరికి దూకేస్తాం, అదీ ఇంకొకరి ఇంట్లో, వాళ్ళ కళ్ళు ఇంకా ఆరకముందే.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం, క్రిస్మస్ మర్నాడు. మెరీనాలో పొద్దున్నే వాకింగుకి వెళ్ళినవాళ్ళు, పట్టినపాక్కం గుడిసెల్లో ఉన్నవాళ్ళు, వేళాంగణ్ణిలో పండక్కి వచ్చి ఒడ్డున ఉన్న యాత్రికులు, ఎంతమందిని సముద్రం తీసుకుపోయిందో నీకు పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. వారం తిరక్కుండా ఒక చిన్న సంఘ పత్రికకి నేను వ్యాసం రాసిచ్చాను. సునామీ దేవుని హెచ్చరిక అని, మేల్కోమని పిలుస్తున్నాడని. చాలామంది మెచ్చుకున్నారు కూడా. జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒకామె ఆ పత్రిక నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చింది. వాళ్ళ చెల్లెలూ ఇద్దరు పిల్లలూ వేళాంగణ్ణి వెళ్ళి మళ్ళీ రాలేదు. కోప్పడలేదు, ఏడవలేదు. "నాకు చదువు రాదు కదా, ఏం రాశారో ఒకసారి చదివి చెప్పండమ్మా" అంది. కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాను. రెండో పేరా దాటలేకపోయాను.

ఆ రాత్రి లూకా 13 తీశాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పెద్ద అపరాధులా అని యేసే అడిగి, కారని యేసే చెప్పాడు. మిగిలినవాళ్ళని మారుమనస్సు పొందమన్నాడు, అది నిజమే, కానీ ఆ గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. ఆయన చెప్పకుండా వదిలేసింది నేను ఎనిమిది వందల మాటల్లో చెప్పేశాను. అప్పటి నుంచి నాకు ఒకటే పరీక్ష: ఎవరి దుఃఖం గురించి రాస్తున్నానో వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ వాక్యం పైకి చదవగలనా? చదవలేకపోతే కొట్టేస్తాను, ఎంత బాగున్నా సరే.

పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు గ్రంథం ఈసారి అతని స్నేహితుల మాటలు వదిలేయకుండా చదువు. మనవాళ్ళు మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం చదివి రెండింతలు ఆశీర్వాదం అని ప్రసంగం చెప్పేస్తారు, మధ్యలో దాదాపు నలభై అధ్యాయాల వాదన ఉందని గుర్తుండదు. ఆ స్నేహితులు చెడ్డవాళ్ళు కారు. ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు, అలా మనలో ఎవరం కూర్చుంటాం? నోరు తెరిచాకే పాడైంది. వాళ్ళ మాటలు విడిగా తీసి చూస్తే మన పల్పిట్ మీద ఏ ఆదివారమైనా సరిపోతాయి, అంత భక్తిగా ఉంటాయి. అయినా చివర్లో దేవుని కోపం వాళ్ళ మీద మండింది, తన మీదే కేకలు వేసిన యోబు యుక్తంగా పలికాడన్నాడు. కాబట్టి నీ వ్యాసంలో ఆ మొగ్గ మాట అన్న మనిషిని విలన్ చేయకు. ఆయన కూడా భయపడే అన్నాడేమో, ఆ గదిలో నిశ్శబ్దాన్ని తట్టుకోలేక.

88వ కీర్తన కూడా చూడు. పద్దెనిమిది వచనాలు, చివరిదాకా తెల్లవారదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే దగ్గర ఆగిపోతుంది. దాన్ని ఎవరూ పీకేయలేదు, కింద ఇంకో ఆశాజనకమైన వచనం అతికించలేదు. సిలువ మీద కేకని మన తెలుగు బైబిలు ఎలా రాసిందో గమనించావా? "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి." గ్రీకులో చెయ్యి లేదు, విడిచిపెట్టావనే ఉంది. ఆ చెయ్యిని తెచ్చింది మన భాష. తిరునాళ్లలో నాన్న వేలు జారిపోయిన పిల్లాడి కేకలా వినిపిస్తుంది నాకు. అందులో ఫిర్యాదు ఉంది, కానీ ఆ ఫిర్యాదు "నా దేవా" అని ఆయన్నే పిలిచి చేసింది. నువ్వు దేవుని గురించి నాలుగు పేజీలు రాశావు, ఆయనతో ఒక్క ముక్కా అనలేదు. ఒకసారి అని చూడు.

(నువ్వు పంపిన రెండో ఫైల్లో త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అనేదానికి, నీళ్ళు, మంచు, ఆవిరి పోలిక రాశావు. అది తీసెయ్. ఒక్కడే మూడు వేషాలు మార్చుకున్నట్టు అవుతుంది, మూడో శతాబ్దంలో సబెల్లియసు పేరుతో నడిచిన ఆ బోధని సంఘం అప్పుడే కాదంది. యొర్దానులో బాప్తిస్మమప్పుడు కుమారుడు నీళ్ళలో ఉండగానే ఆత్మ పావురంలా దిగాడు, తండ్రి స్వరం వినిపించింది, ముగ్గురూ ఒకేసారి. దాని గురించి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం.)

"ఇలా ప్రశ్నలతోనే ఆపేస్తే విశ్వాసం పోయిందంటారేమో అక్కా" అని అడిగావు. కొందరు అంటారు. నువ్వు పరంగిమలై, అదే సెయింట్ థామస్ మౌంట్, ఎక్కావుగా, క్రీ.శ. 72లో యేసు శిష్యుడు తోమాని ఆ కొండ మీదే పొడిచి చంపారని ఇక్కడివాళ్ళ నమ్మకం, శాంతోమ్ గుడి కింద ఆయన సమాధి. ఇరవయ్యో అధ్యాయంలో యోహాను రాసినదాన్ని నిదానంగా చదువు. గాయాల్లో వేలు పెడితే గానీ నమ్మనని తోమా అన్నాక, ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజులూ మిగతా పదిమందీ ప్రభువుని చూశామని సంతోషంలో ఉన్నారు, ఇతను నమ్మనంటూ వాళ్ళ మధ్యే తిన్నాడు, పడుకున్నాడు. వాళ్ళు వెళ్ళగొట్టలేదు, అతనూ వెళ్ళిపోలేదు. యేసు వచ్చేసరికి తలుపులు మూసిన ఆ ఇంట్లోనే ఉన్నాడు. వేలు పెట్టాడని కూడా యోహాను రాయలేదు, "నా ప్రభువా, నా దేవా" అన్నాడని మాత్రమే రాశాడు. నువ్విప్పుడు ఆ ఎనిమిది రోజుల్లో ఏదో ఒక రోజున ఉన్నావు. ఆ రోజు ఎలా ఉందో రాయి. తొమ్మిదో రోజు ఇంకా రాలేదు కదా, వచ్చినట్టు రాయకు. అలాగని ఇక ఎప్పటికీ రాదన్నట్టు, దేవుణ్ణి వదిలేశానన్నట్టు కూడా గొప్పగా ముగించకు, అదీ తొందరే.

ఇప్పుడు చేయాల్సిన పని. చివరి పేజీ తీసి పక్కన పెట్టు. మిగిలింది ఎక్కడికీ పంపే ముందు మీ అక్కకి చదివి వినిపించు. తువ్వాలు సంగతి ఆమెది, నీది కాదు. వద్దంటే ఆ పేజీ కూడా తీసెయ్యాలి, నాకు ఎంత నచ్చినా సరే. మధ్యలో ఆపమంటే ఆపు, ఏడిస్తే ఏమీ చెప్పకుండా పక్కన కూర్చో.

శనివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. మీ అక్క వస్తానంటే తనని కూడా తీసుకురా.