ఊపిరితిత్తి ముడుచుకుపోతే...

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. పొడగరి, బాగా సన్నం. చదువుకుంటూ ఉండగా ఉన్నట్టుండి కుడివైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, ఆయాసం వచ్చాయి. ఊపిరితిత్తి ముడుచుకుపోయిందని చెప్పి గొట్టం వేశారు. సీసాలో బుడగలు ఆగడం లేదు. ఊపిరితిత్తి మామూలు స్థితికి వస్తుందా? వచ్చే నెల చదువుకు అమెరికా వెళ్లాలి.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: దీనిని న్యుమోథొరాక్స్ అంటారు. ఊపిరితిత్తి పైకొనలో ఏర్పడిన చిన్న గాలిపొక్కు చిట్లితే, పీల్చిన గాలి ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ నడుమనున్న సందులోకి చేరి, ఊపిరితిత్తిని విచ్చుకోనివ్వదు. ఇతర జబ్బులేవీ లేకున్నా మీ అబ్బాయి వంటి పొడగరి యువకులలో ఇది కనిపిస్తుంది. పొగతాగేవారిలో మరీ ఎక్కువ. ఆ అలవాటు ఉందేమో, కోప్పడకుండా అడగండి.

చేరిన గాలి కొద్దిగా ఉండి ఆయాసం లేకపోతే శరీరమే దానిని మెల్లగా పీల్చుకుంటుంది. కొందరికి సూదితో లాగేస్తే సరిపోతుంది. మీ అబ్బాయికి గొట్టం అవసరమైంది. దాని చివర సీసాలోని నీటిలో మునిగి ఉంటుంది కనుక గాలి బయటికి పోతుందే తప్ప వెనక్కి రాదు. బుడగలు వస్తున్నాయంటే లోపలి గాలి బయటపడుతోందని అర్థం. చిల్లు పూడేకొద్దీ అవి దగ్గినప్పుడు మాత్రమే వచ్చి, ఆపైన ఆగిపోతాయి. శ్వాసతోపాటు గొట్టంలో నీటిమట్టం ఊగుతుంటే గొట్టం మూసుకుపోలేదన్నమాట. సీసాను ఎప్పుడూ ఛాతీకన్నా కిందే ఉంచాలి. చూడవచ్చిన చుట్టాలు ఎంత ప్రేమతో సాయం చేయబోయినా, గొట్టాన్ని నొక్కనివ్వకండి, సీసాను పైకెత్తనివ్వకండి. బుడగలు ఆగి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకుందని తేలాక గొట్టం తీసేస్తారు. చాలామందిలో అది పూర్తిగా మామూలవుతుంది.

అయితే రోజులు గడిచినా బుడగలు ఆగకపోతే, లేదా సమస్య మళ్లీ వస్తే, చిన్న రంధ్రాల ద్వారా కెమెరా సాయంతో ఆ గాలిపొక్కులను తొలగించి, ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అతుక్కునేలా చేస్తారు. సుమారు ముగ్గురిలో ఒకరికి ఇది తిరగబెడుతుంది కాబట్టి, పరాయి దేశానికి వెళ్లేముందే ఈ విషయం సర్జన్‌తో మాట్లాడడం మంచిది.

విమానం ఎత్తుకు వెళ్లినప్పుడు ఛాతీలో మిగిలిన గాలి వ్యాకోచిస్తుంది. అందుకే గాలి పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో రుజువయ్యాక, సాధారణంగా మరో వారమైనా ఆగి, వైద్యుడు సరేనన్నాకే ప్రయాణం పెట్టుకోవాలి. టికెట్ వాయిదా వేయవలసి వచ్చినా వెనకాడకండి. ఈ లోపల ఆయాసం ఒక్కసారిగా పెరిగి, పెదవులు నీలిరంగుకు తిరిగినా, కళ్లు తిరిగినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.