అమ్మాయిని నాటకాల్లోకి పంపొచ్చా?

సురభి నాటక సమాజం డేరాలో పుట్టి, పాతికేళ్లుగా టీవీ సీరియళ్లలో అమ్మ, అత్త, అమ్మమ్మ వేషాలు వేస్తున్న నటి ఈ నెల మీ ఉత్తరాలకు జవాబిస్తున్నారు.

ప్రశ్న: సీరియల్లో మీరు రోజూ ఏడుస్తారు. నిజం కన్నీళ్లా, గ్లిజరినా?
– ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: రెండూనమ్మా. పొద్దున గ్లిజరిన్ అక్కర్లేదు. సాయంత్రానికి ఏడ్చి ఏడ్చి కళ్లు ఆరిపోతాయి, అప్పుడు కావాలి. నాకు కష్టమనిపించింది ఏడుపు కాదు, ప్రాంప్టింగ్. స్టేజీ మీద పద్యమైనా మాటైనా కంఠతా రావాల్సిందే. ఇక్కడ అసిస్టెంట్ డైరెక్టర్ పక్కన నిలబడి డైలాగ్ అందిస్తుంటే, వింటూనే ముఖంలో భావం పలికించాలి. అది పట్టుబడటానికి నెల పట్టింది.

నిజం కన్నీళ్లంటే నాకు మా అమ్మే గుర్తొస్తుంది. 'హరిశ్చంద్ర'లో ఆమె చంద్రమతి, నాలుగేళ్ల నేను లోహితాస్యుణ్ణి. కాటి సీనులో చచ్చిపోయినట్టు ఆమె ఒళ్లో పడుకునేదాన్ని. ఆమె కన్నీళ్లు వెచ్చగా నా చెంప మీద పడేవి. కదలకూడదు, తుడుచుకోకూడదు. నటన అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ప్రశ్న: 'మాయాబజార్' నాటకంలో లడ్డూలు గాల్లో ఎలా ఎగురుతాయి?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: తీగలు, తాళ్లు, వాటిని పట్టుకున్న మా వాళ్ల చేతులు. అంతకు మించి చెప్పను నాన్నా, అది మా ఇంటి విద్య. వచ్చి చూడు.

ప్రశ్న: మొదటి తెలుగు టాకీ హీరోయిన్ మీ సురభి ఆవిడేనట, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమే. 1932లో వచ్చిన 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు 'కీచక వధ' ఆడించడంతో మా కథ మొదలైంది. ఆ రోజుల్లో బయట నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవారు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లు ఆయన నడక చూసి నేర్చుకున్నారంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కుతాను. అయితే మా డేరాలో ద్రౌపది వేషం ద్రౌపదిలాంటి ఆడదే వేసింది, సీత వేషం మా అమ్మమ్మే వేసింది. అందుకు ఆ ఆడవాళ్లు పడ్డ మాటలు ఎన్నని! నాటకాలవాళ్లని చెప్పి ఇల్లు అద్దెకివ్వని ఊళ్లు నా చిన్నప్పుడు కూడా ఉన్నాయి. అందుకే కింది ఉత్తరం చదివి ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. కాలేజీ నాటకంలో బహుమతి వచ్చింది. ఇక నాటకాలు, సీరియల్సే నా బతుకు అంటోంది. పెళ్లి కాదని బంధువులు భయపెడుతున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: పంపండమ్మా. ముందు డిగ్రీ పూర్తి కానివ్వండి. ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చెప్తారు, అక్కడ చేర్పించండి. నేను ఏడో తరగతితో ఆపేశాను. ఆ లోటు ఎక్కడ తెలిసిందో చెప్తాను.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక మాలాంటివాళ్లకు సీరియళ్లలో పని దొరికింది. ఒక సీరియల్‌కి ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. మూడు నెలలు పనిచేశాక సీరియల్ ఆగిపోయింది. డబ్బు అడిగితే ఆ నిర్మాత నా సంతకమే చూపించాడు. ప్రసారమైన ఎపిసోడ్లకే డబ్బు అని అందులో ఉందట. నేను నటించినవి సగం ప్రసారమే కాలేదు. ఆ ఏడాది మా పెద్దవాడి ఫీజుకు గాజులు తాకట్టు పెట్టాను. మీ అమ్మాయి చదువుకుంది. ప్రతి కాగితం చదవాలి, రోజుకెంత, ఎప్పుడిస్తారు అని నోరు తెరిచి అడగాలి. కళ మీద ప్రేమ ఉన్నవాళ్లు డబ్బు అడగకూడదని ఎవరైనా అంటే నమ్మొద్దని చెప్పండి.

పొరుగూరి ప్రదర్శనకైతే ఇంకో ఆడమనిషి లేకుండా పంపొద్దు. తిరుగు ప్రయాణానికి టికెట్ డబ్బులు ముందే ఆమె దగ్గర ఉండాలి. రాత్రి బస ఎక్కడో మీకు తెలియాలి.

పెళ్లి సంగతి బంధువులకు వదిలెయ్యండి. నాకు పెళ్లయింది, ముగ్గురు పిల్లలు. చంటివాడికి తెర వెనక పాలిచ్చి, కిరీటం సర్దుకుని మళ్లీ రంగం మీదకు వెళ్లినదాన్ని.

ఇంకొక్క మాట. ఆమె నాటకం ఎక్కడ ఆడినా వీలైనప్పుడల్లా మీరు వెళ్లండి. అయిపోయాక కొబ్బరినూనె, మెత్తటి పాత గుడ్డ తీసుకుని ఆమె ముఖానికున్న రంగు మీ చేత్తో తుడవండి. మా అమ్మ అలాగే చేసేది. ఆ పావుగంటలోనే నేను ఆమెకు అన్నీ చెప్పేదాన్ని. పద్యం ఎక్కడ తడబడిందో, ఎవరు కసిరారో, ఎవరి చూపు బాగోలేదో. ఆమె తుడుస్తూ వినేది, మధ్యలో ఒక్క మాటా అనేది కాదు. మర్నాడు పొద్దున మాత్రం, అడగాల్సినవాళ్లను అడిగి వచ్చేది.