ఎవరు కొలిచారో రాయి

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. అడవులను పదికాలాల పాటు నిలిచేలా చూసుకుంటున్నామో లేదో కొలవడానికి అందరూ ఒప్పుకునే సూచికలు కావాలన్న విషయం మీద, మన ప్రాంతం నుంచి ఇంత చిన్న పిల్ల తెలుగులో రాయడం నాకు సంతోషంగా ఉంది. వాక్యం బాగుంది. ఇక నాకు కోపం తెప్పించిన చోటికి వస్తాను.

రెండో పేజీలో ఇలా రాశావు: 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అటవీ విస్తీర్ణం 647 చదరపు కిలోమీటర్లు పెరిగింది, దేశంలో ఇదే అత్యధికం, కాబట్టి మన అడవుల నిర్వహణ సరైన దారిలో ఉంది. అంకె సరైనదే, భారత అటవీ సర్వే సంస్థ అచ్చువేసినదే. కానీ ఆ ‘కాబట్టి’ని ఎక్కడి నుంచి తెచ్చావు? నాలుగో పేజీలో పలమనేరు దగ్గర మీ నాన్నగారి మూడెకరాల తోతాపురి తోట గురించి, గుజ్జు ఫ్యాక్టరీ ముందు కాయల ట్రాక్టరుతో ఆయన రాత్రంతా పడిగాపులు కాయడం గురించి రాశావు. అది చదివి నా మనసు కదిలింది. నువ్వు మాత్రం దాన్ని ఇంటి ముచ్చటగా చెప్పి వదిలేశావు. ఆ సంస్థ లెక్కలో ఒక హెక్టారు, అంతకు మించి ఉన్న నేలలో కొమ్మల నీడ పది శాతం దాటితే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదో, చట్టం దాన్ని అడవి అంటుందో లేదో చూడరు. పండ్ల తోటలూ అందులోకే వస్తాయి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. చెట్లు నీడ పరిచే వయసుకు వచ్చి ఉంటే మీ నాన్నగారి తోట కూడా ఆ లెక్కలో ఉండాల్సిందే. నీ వ్యాసంలోని అసలు విషయం అక్కడుంది. నువ్వు దాన్ని దాటుకుని వెళ్లిపోయావు.

అదే నివేదికను ఇంకాస్త తిరగేయాల్సింది. దేశం మొత్తం మీద 2019 నివేదిక తర్వాత రెండేళ్లలో పెరిగినది 1,540 చదరపు కిలోమీటర్లు. అందులో అడవిగా రికార్డులకెక్కిన భూముల లోపల పెరిగినది 31. మిగిలిన 1,509 బయట. సంస్థ ఏదీ దాచలేదు. మనమే పెద్ద అంకెను పట్టుకుని శీర్షిక పెట్టుకున్నాం.

ఇన్నేళ్ల రాతలో నేను పట్టుకుని వేలాడుతున్న నియమం ఒక్కటే. అంకె రాసేవాళ్లు దాన్ని ఎవరు, ఎక్కడ నిలబడి, దేనితో కొలిచారో కూడా రాయాలి. అది రాసే ఓపిక లేకపోతే అంకె జోలికి పోకూడదు. ఈ మాట చాలామందికి చాదస్తంగా కనిపించింది. నీకూ కనిపించవచ్చు. అయినా చెబుతాను.

శేషాచలాన్నే తీసుకో. అటవీ విస్తీర్ణం లెక్కలకు ఉపగ్రహ చిత్రాలను ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తీసినవి వాడతారు. అప్పుడు మన కొండలు వానల తర్వాత పచ్చగా ఉంటాయి. మార్చిలో ఆకు రాల్చి నిలబడిన అదే అడవిని చూసినవాళ్లకు అది వేరే లోకంలా ఉంటుంది. ఇందులో తప్పు లేదు, ఆకు ఉన్నప్పుడే నీడను కొలవాలి. కానీ పాఠకుడికి ఆ సంగతి చెప్పాలి కదా. ఇంకో సంగతి. చేవ పట్టిన ఎర్రచందనం మానులు నాలుగు నరికి మోసుకుపోతే పక్కనున్న చెట్ల నీడ అలాగే ఉంటుంది. నరికిన మొదలు నుంచి పిలకలూ లేస్తాయి. పైనుంచి చూస్తే అడవి చెక్కుచెదరలేదు. ప్రపంచంలో ఈ కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా ఎక్కడా పెరగని చెట్టు పోయినా విస్తీర్ణం సూచిక కదలదు. ఆ నష్టం తెలియాలంటే నేల మీద గళ్లు గీసి, మానుకు 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి, ఏ జాతివి, ఎంత లావువి, ఎన్ని ఉన్నాయో మనిషి రాసుకోవాలి.

సూచికల చరిత్రకు ఒకటిన్నర పేజీ ఇచ్చావు. 1992లో రియో భూ సదస్సు, 1993లో హెల్సింకిలో ఐరోపా అటవీ మంత్రుల సమావేశం, 1995లో శాంటియాగోలో మాంట్రియల్ ప్రక్రియ అనే కూటమి దేశాలు ఒప్పుకున్న 7 ప్రమాణాలు, 67 సూచికలు. సంవత్సరాలన్నీ సరిగానే ఉన్నాయి. అయితే మాంట్రియల్ జాబితా సమశీతోష్ణ మండలం అడవుల కోసం, ఉత్తరాది చలి దేశాల అడవుల కోసం తయారైనదని ఎక్కడా రాయలేదు. మన దేశానికి తగినట్టు భోపాల్‌లోని భారత అటవీ నిర్వహణ సంస్థ 1990ల చివర్లో 8 ప్రమాణాలు, 43 సూచికలు సిద్ధం చేసింది. దానికి నువ్వు ఇచ్చినది ఒక్క వాక్యం. అందులో ఒక ప్రమాణం ప్రజల సామాజిక, సాంస్కృతిక, ఆధ్యాత్మిక ప్రయోజనాల గురించి. ఏడుకొండల నీడలో తిరిగేదానివి, ఆ ప్రమాణం దగ్గర ఒక్క క్షణం ఆగాలనిపించలేదా? దాన్ని ఎలా కొలుస్తారని ఎవరినైనా అడగాలనిపించలేదా?

అందరూ ఒప్పుకునే సూచిక అంటే దేశాల ప్రతినిధులు సంతకం పెట్టినది మాత్రమే అనుకుంటున్నావు. తలకోన వైపు ఉసిరికాయల కాలంలో ఒక యానాది పెద్దావిడ వెంట నడిచాను. ఆమె ఒక చెట్టు దగ్గర ఆగి, కొమ్మ నరికిన చోట మిగిలిన మొండి మీద చెయ్యి పెట్టింది. దాని చుట్టూ గడ్డిపోచల్లాంటి రెమ్మలు గుత్తిగా లేచి ఉన్నాయి, ఒక్కదానికీ కాయ లేదు. పక్క చెట్టుకు కాయలను దోటితో కోశారు, కొమ్మలన్నీ ఉన్నాయి. ఎవరో తొందరపడి నరికేశారని, ఆ చెట్టు మళ్లీ కాయడానికి ఏళ్లు పడుతుందని ఆమె చెప్పింది. ఆ సాయంత్రం వరకు ఆమె అడవిని అలాగే కొలుస్తూ నడిచింది: నరికిన చెట్లెన్ని, దోటితో కోసినవెన్ని, ఏ చెలమలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి. ఇవి ఆమె లెక్కపెట్టినా, అటవీ శాఖ బీట్ అధికారి లెక్కపెట్టినా, నువ్వు లెక్కపెట్టినా ఒకే జవాబు వస్తుంది. నీ వ్యాసం చివర ‘ఆరోగ్యంగా ఉన్న చెట్ల శాతం’ అని ఒక సూచికను ప్రతిపాదించావు. ఇద్దరు మనుషులను ఒకే గుట్టకు పంపితే రెండు శాతాలు తెస్తారు. అలాంటిదాన్ని ఎంతమంది ఆమోదించినా అది ఉమ్మడి సూచిక కాబోదు.

కొలిచిన తీరు రాస్తే సంపాదకులు కొట్టేస్తారని నీకు భయం ఉండవచ్చు. కొట్టేస్తారు. శేషాచలంలో వేసవి మంటల మీద ఒక వారపత్రికకు వ్యాసం ఇచ్చాను. ఉపగ్రహం మీద ఉండి మంటలను పసిగట్టే పాత పరికరం మోడిస్ కిలోమీటరు గడితో చూసేది, తర్వాత వచ్చిన విర్స్ 375 మీటర్ల గడితో చూస్తుంది, చిన్న మంటలు కూడా దానికి దొరుకుతాయి, అందుకే పాత సంఖ్యల పక్కన కొత్త సంఖ్యలను పెట్టి పోల్చకూడదని నాలుగు వాక్యాల్లో వివరించాను. సరిగ్గా ఆ నాలుగు వాక్యాలే తీసేశారు. మంటలు విపరీతంగా పెరిగాయని ఎర్ర అక్షరాల శీర్షిక పెట్టారు. ఎండలో బోదగడ్డి కోసి మంట దాటకుండా దారులు చేసిన కాపలావాళ్లలో ఒకరు ఫోను చేసి, మా పని ఇదేనా మీకు కనిపించింది అని అడిగారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆ సంపాదకుడికి మళ్లీ వ్యాసం ఇవ్వలేదు. ఈ మధ్య వ్యాసమంటే రంగు వృత్తాలు, బాణాలు, మధ్యలో ఒక లావు అంకె అయిపోయింది. నీ మూడో పేజీలో ఆ వాసన వచ్చింది. ఆ పేజీ మొత్తం తీసెయ్.

ఏ పత్రికకు పంపాలి, ఇంగ్లిషులో కూడా రాయాలా అని అడిగావు. ముందు వ్యాసం తయారు కానీ.

మీ తోటతో మొదలుపెట్టు. ఎన్ని చెట్లో, నీడ నేలను ఎంత కప్పుతుందో నువ్వే కొలిచి రాయి. తర్వాత పలమనేరు దగ్గరి కౌండిన్య అడవి అంచున, ఊరివాళ్లే అటవీ శాఖతో కలిసి అడవిని కాచుకునే వనసంరక్షణ సమితి పనిచేసిన ఊరు ఒకటి చూసుకో. 1990లలో ఆ సమితులు పెట్టినప్పుడు ఊరి స్థాయిలో అడవి పనుల సూక్ష్మ ప్రణాళికలు రాసుకున్నారు, తీర్మానాల పుస్తకాలు ఉండేవి. అందులో ఊరివాళ్లు తమ అడవి గురించి ఏం లెక్కపెట్టుకున్నారో చూసి, దాన్ని భోపాల్ జాబితా పక్కన పెట్టు. రెండింటిలోనూ ఉన్నవి ఏవి, ఒకదాంట్లోనే ఉన్నవి ఏవి? నీ వ్యాసానికి ఆ పోలిక చాలు. పుస్తకం దొరక్కపోతే దొరకలేదనీ, ఎక్కడెక్కడ వెతికావో కూడా వ్యాసంలోనే రాయి.

మామిడి కోతలు మొదలైతే నీకు తీరిక ఉండదు, ఈలోగానే వెళ్లిరా. తిరగరాసినది నేరుగా నాకే పంపు. నాన్నగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి