తంగేడు పువ్వు, తుమ్మెద, మాక్రో లెన్స్

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద పూసే తంగేడు పూలను, వాటిపై వాలే నల్ల తుమ్మెదలను ఫోటో తీస్తున్నాను. ఏపీఎస్-సీ సెన్సర్ (వెలుతురును చిత్రంగా మార్చే పలకల్లో మధ్యరకం పరిమాణం) ఉన్న కెమెరా, దానితో వచ్చిన 18–55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ నా దగ్గర ఉన్నాయి. తుమ్మెద చిన్నగా పడుతోంది, అందులోనూ కొంత భాగమే స్పష్టంగా వస్తోంది. మాక్రో లెన్స్ కొనక తప్పదా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇప్పుడే కొనవద్దనే నా సలహా. తుమ్మెద చిన్నగా పడటానికి కారణం లెన్సే; ఈ రకం లెన్సులు సాధారణంగా వస్తువు నిజ పరిమాణంలో మూడో వంతు దగ్గరే ఆగిపోతాయి. మాక్రో లెన్స్ 1:1 వరకు, అంటే సెన్సర్ మీద వస్తువు ఉన్నంత పరిమాణంలోనే పడేవరకు తీసుకెళుతుంది కానీ, మీ రెండో ఇబ్బందిని అది తీర్చదు, పెంచుతుంది. 1:1 దగ్గర ఎపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8లో ఉంచి తీసినా స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పోనీ అని ఎపర్చర్‌ను ఇంకా చిన్నదైన ఎఫ్/22కు కుదిస్తే, వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి చెదరడం వల్ల, చిత్రమంతా స్పష్టత తగ్గి మెత్తబడుతుంది.

రెండు సెంటీమీటర్ల తుమ్మెదకు నిజ పరిమాణంలో సగం చాలు. మీ లెన్సును 55 దగ్గర ఉంచి, వెనుక 12 మిల్లీమీటర్ల ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే, అద్దం లేని ఖాళీ గొట్టం) బిగిస్తే సుమారు అంత వస్తుంది. విద్యుత్ కాంటాక్టులు లేని చవక ట్యూబు మాత్రం తీసుకోకండి. ఎపర్చర్ మీ అదుపులో ఉండదు.

ఇక అసలు శ్రద్ధ పెట్టవలసినది వెలుతురు మీద. తంగేడు పుప్పొడి తిత్తుల కొనల్లో సన్నని రంధ్రాలుంటాయి. తుమ్మెద పువ్వును పట్టుకొని ఛాతీ కండరాలను వేగంగా కంపింపజేస్తే ఆ రంధ్రాల నుంచి పుప్పొడి రాలుతుంది. మీరు ఓపికగా కాచుకోవలసిన క్షణం అదేనని నేను నమ్ముతాను, కానీ ఆ కదలికతో పాటు గాలికి ఊగే కొమ్మను కూడా నిలపాలంటే మామూలు ఎండ చాలదు. తక్కువ పవర్‌లో పెట్టిన ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతుకన్నా ఎంతో తక్కువ కాలమే వెలుగుతుంది కనుక కదలికను అదే ఆపుతుంది. దాని ముందు తెల్ల కాగితాన్ని వెడల్పుగా అడ్డుపెడితే తుమ్మెద నల్లని వీపు మీద తెల్లటి మెరుపు మచ్చలు పడవు. సెన్సర్ తుమ్మెద పక్క భాగానికి సమాంతరంగా ఉండేలా నిలబడి కంటి మీద ఫోకస్ చేస్తే, ఉన్న కొద్దిపాటి మందంలోనే కన్ను, కాళ్లు, రెక్క మొదలు కలిసి వస్తాయి.

ప్రశ్న: ఆరుద్ర పురుగు ఒకచోట నిలవదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయవచ్చా?
— ఒక పాఠకుడు, ములుగు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఎనిమిది కాళ్లుండే ఈ జీవి కీటకం కాదు, సాలీడుకు దగ్గరి బంధువు. బతుకులో అధిక భాగం నేలలోనే గడిపి, తొలి వానల తరువాత తిండికీ జత కలవడానికీ కొద్దిసేపు పైకి వస్తుంది. ఆ కాస్త సమయాన్నీ మనం లాక్కోకూడదు. పైగా చలికి ముడుచుకున్న కాళ్లు ఫోటోలో తెలిసిపోతాయి. నేల మీద బోర్లా పడుకొని, అది నడిచే దారికి ముందే ఫోకస్ పెట్టుకోండి. మబ్బు వెలుతురు దీనికి చక్కగా సరిపోతుంది. ముదురు ఎరుపులో మఖమలు లాంటి నూగు వివరాలు సులువుగా చెరిగిపోతాయి కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి (అంటే వెలుతురును సగం చేసి), హిస్టోగ్రాంలో (కెమెరా తెరపై వెలుతురు పంపిణీని చూపే గ్రాఫులో) ఎరుపు గీత కుడి అంచును తాకకుండా చూసుకోండి.