రంగస్థలం: మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: తనికెళ్ల భరణి గారిని సినిమాల్లోనే చూశాను. నాటకాలు కూడా రాశారటగా? మా కాలేజీ వార్షికోత్సవానికి ఒకటి వేద్దామనుకుంటున్నాం.
- ఒక విద్యార్థిని, కావలి

జవాబు: రాశారా అంటావేమ్మా! సినిమాల కంటే ముందు ఆయనది నాటకమే. 'గార్దభాండం', 'కొక్కొరొకో', 'చల్ చల్ గుర్రం', 'గోగ్రహణం' ఆయనవే. 1986లో 'లేడీస్ టైలర్'కి మాటలు రాశాక సినిమావాళ్లు వదల్లేదు. 1989లో 'శివ'లో నానాజీ వేషంతో నటుడిగా స్థిరపడ్డారు. ఆ తర్వాత వేసిన వేషాల లెక్క మనకెందుకుగానీ, 2012లో ఆయన తీసిన 'మిథునం' మాత్రం తప్పక చూడు. తెరమీద ఇద్దరే మనుషులు, మన నెల్లూరు బాలు గారూ, లక్ష్మి గారూ. ఒక ఇల్లు, పెరడు, తిండి గొడవ, అలకలు. రెండు పాత్రలతో అంతసేపు కూర్చోబెట్టడం నాటకం తెలిసినవాడికే చేతనవుతుందని నా నమ్మకం.

ఇక మీ ప్రదర్శన సంగతి. ముందు రచయిత అనుమతి తీసుకోండి. కాలేజీయే కదా అని వదిలేయొద్దు. హాస్యం వేసే పిల్లలందరికీ ఒకటే జబ్బు: జనం నవ్వుతుండగానే తర్వాతి డైలాగ్ చెప్పేస్తారు. అది ఎవరికీ వినపడదు, కథ తెగిపోతుంది. నవ్వు సగం తగ్గేదాకా ఆగండి. ఊరికే నిలబడకుండా కండువా సర్దుకోవడమో, ఎదుటివాడి వైపు ఓరగా చూడడమో చెయ్యండి. ఆ టైమింగ్ కోసం రిహార్సల్‌కి నలుగురు బయటివాళ్లని పిలిచి కూర్చోబెట్టండి. మీ స్నేహితులు వద్దు, వాళ్లు అన్నింటికీ నవ్వుతారు.