తుపాను వస్తే మా ఫ్లాటుకు బీమా ఎంతవరకు వర్తిస్తుంది?

ప్రశ్న: విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మేము 80 లక్షలకు ఫ్లాటు కొన్నాం. రుణం ఇచ్చినప్పుడు బ్యాంకువారే బీమా చేయించారు. మళ్లీ హుద్‌హుద్ లాంటి తుపాను వస్తే ఇంటికి, సామానుకు, బంగారానికి పరిహారం వస్తుందా? పడకగది గోడ రెండేళ్లుగా చెమ్మపట్టి పెచ్చులూడుతోంది. దానికి కూడా క్లెయిమ్ చేయవచ్చా?

జవాబు: అన్నిటికంటే ముందు ఆ బీమా పత్రం తీసి చదవండి. రుణంతో పాటు చేయించే బీమా చాలాసార్లు రుణం తీసుకున్న వ్యక్తి ప్రాణానికి సంబంధించినదై ఉంటుంది. ఆయన మరణిస్తే మిగిలిన బాకీ తీర్చడమే దాని పని కనుక, తుపానుకు కిటికీలు ఊడిపోయినా దాని నుంచి రూపాయి రాదు. పత్రంలో మీ ఫ్లాటు చిరునామా, కట్టడం విలువ, అగ్నిప్రమాదం, తుపాను, వరద అనే మాటలు ఉంటేనే అది ఇంటి బీమా.

2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ అందుబాటులో ఉంది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం వంటి వాటి వల్ల కలిగే నష్టం అందులోకి వస్తుంది. బీమా మొత్తాన్ని మీరు కొన్న 80 లక్షలను బట్టి నిర్ణయించరు, ఎందుకంటే ఆ ధరలో స్థలం విలువ కూడా ఉంది, స్థలం తుపానుకు కొట్టుకుపోదు. తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల విస్తీర్ణం, 1,000 చదరపు అడుగులు, నిర్మాణ ఖర్చు అడుగుకు 2,500 రూపాయలు అనుకుంటే, 25 లక్షలకు బీమా సరిపోతుంది. అందులో 20 శాతం, అంటే 5 లక్షల వరకు, టీవీ, ఫ్రిజ్, మంచాలు, బీరువాల వంటి సామానుకు విడిగా అడగకుండానే రక్షణ లభిస్తుంది. ఈ సదుపాయానికి గరిష్ఠ పరిమితి 10 లక్షలు.

బంగారం ఇందులో చేరదు. విలువైన వస్తువుల కవర్‌ను అదనంగా కోరి, నగల విలువ ప్రకటించాలి. దొంగతనం విషయంలో చాలామంది పొరబడతారు: పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదైనా జరిగిన 7 రోజుల్లోపు, దానిని ఆసరా చేసుకుని జరిగిన దొంగతనానికే ఈ పాలసీ వర్తిస్తుంది. మీరు ఊరెళ్లినప్పుడు తాళం పగలగొడితే దానికి వేరే బీమా ఉండాలి. అలాగే షార్ట్ సర్క్యూట్‌తో కాలిన ఏసీకి పరిహారం రాదు కానీ, ఆ మంట అంటుకుని కర్టెన్లు, మంచం కాలితే వాటికి వస్తుంది.

ఇక మీ పడకగది గోడ. దానికి రాదు. హఠాత్తుగా జరిగిన నష్టానికే బీమా తప్ప, ఏళ్ల తరబడి ఊరిన చెమ్మకూ, ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి స్లాబు పెచ్చులూడటానికీ కాదు. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లన్నిటికీ ఉన్న బాధే ఇది. అయినా ఆ గోడను వర్షాలకు ముందే బాగుచేయించమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే రేపు తుపానుకు అదే గోడ దెబ్బతింటే, పాత నష్టమేదో కొత్తదేదో, నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయర్‌కు మీరు చూపించుకోవలసి వస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా హాలు కిటికీ ఫ్రేముతో సహా ఊడి టీవీ మీద పడింది. కరెంటు లేక ఫోన్లు ఆగిపోయాయి, ఒక్క ఫొటో కూడా తీయలేదు. పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయని గాజుపెంకులన్నీ ఎత్తి పారబోశాం, టీవీ బిల్లు కూడా దొరకలేదు. చివరికి నష్టంలో సగం కూడా నిరూపించలేకపోయాం. అందుకే మీరు ఈ వారమే ప్రతి గదినీ వీడియో తీసి, బిల్లులతో పాటు వేరే ఊళ్లో ఉన్న బంధువులెవరికైనా పంపి ఉంచండి. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలియజేయండి, సర్వేయర్ చూసేవరకు విరిగిన వస్తువులను బాల్కనీలో ఒక మూలనైనా భద్రపరచండి.