థార్‌కి పెద్ద టైర్లు: రెండు లక్షల్లో అవసరం ఎంత, ముచ్చట ఎంత?

ప్రశ్న: సార్, మాది ఆకివీడు దగ్గర పల్లె. నాకు 37 ఏళ్లు. ఎనిమిదెకరాల్లో వనామీ రొయ్య వేస్తున్నాను. మూడెకరాలు సొంతం, మిగతాది లీజు. 2021లో కొన్న మహీంద్రా థార్ ఏఎక్స్ డీజిల్, ఫోర్ బై ఫోర్ ఉంది. దాని అప్పు తీరిపోయింది. 56 వేల కిలోమీటర్లు తిరిగి టైర్లు అరిగిపోయాయి. వానాకాలంలో రోడ్డు నుంచి షెడ్డు దాకా గట్టు మీద రెండు వందల అడుగుల మేర బండి దిగబడుతోంది. 285/75 ఆర్16 సైజు మడ్ టైర్లు నాలుగు 1,04,000, వెడల్పు అల్లాయ్ రిమ్ములు నాలుగు 62,000, బండిని రెండంగుళాలు లేపే లిఫ్ట్ కిట్ 28,000, కూలి 6,000, మొత్తం రెండు లక్షలు అని షాపులో చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ ఉంది. ఇప్పుడున్న సైజులోనే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైరు అయితే ఒక్కోటి 14,000 అన్నారు. బ్యాంకులో మూడు లక్షలున్నాయి. ఇంటి ఖర్చు నెలకు 35 వేలు. మేత డీలరుకు నాలుగున్నర లక్షలు బాకీ. నగదుకైతే బస్తా 2,400, అరువుకైతే 2,520. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, ఇంకా రెండు నెలలుంది. ఈఎంఐ పెట్టుకోనా, చేతిలో డబ్బు వాడనా?

జవాబు: ముందు టైర్ల సంగతి. గాడుల మధ్యన చిన్న దిమ్మెలు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. అక్కడితో ఆ టైరు పని అయిపోయింది. మీరు ఆ టైర్లతో గట్టు మీదే కాదు, వానలో హైవే మీద కూడా తిరుగుతున్నారు, ఇంట్లోవాళ్లనీ ఎక్కించుకుంటారు. కాబట్టి పట్టుబడి దాకా ఆగొద్దు, ఈ నెలే మార్చేయండి. ఇది అవసరం, దీనికి డబ్బు తీయడానికి వెనకాడక్కర్లేదు. ఆల్ టెరైన్ టైర్లు నాలుగింటికి 56 వేలు, ఆ రెండు లక్షల కొటేషన్లో అవసరం విలువ అంతే. మిగతా లక్షా నలభై నాలుగు వేల గురించే మనం మాట్లాడుకోవాలి.

ఈఎంఐ లెక్క చూద్దాం. రెండు లక్షలకు నెలకు 9,793 రూపాయలు. రెండేళ్లలో వడ్డీ 35 వేలు అవుతుంది. కార్డు ఈఎంఐ కాబట్టి ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 6,300. అంటే కట్టేది 2,41,000 పైమాటే, ప్రాసెసింగ్ ఫీజు కాక. షాపువాళ్లు చెప్పింది నాలుగు చక్రాలకే. వెనక తలుపు మీద ఉన్న స్టెప్నీ మాటేమిటి? ఫోర్ బై ఫోర్ బండికి ఒక చక్రం చిన్నది, మూడు పెద్దవి పెట్టి బురదలో ఫోర్ వీల్ వేస్తే ఇంజను బలాన్ని చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ దెబ్బతింటాయి. కాబట్టి ఐదోది కూడా అదే సైజు కొనాలి, టైరూ అల్లాయూ కలిపి మరో 41,500. ఆ బరువుకి వెనక తలుపు బందులు కూడా కాలక్రమంలో వదులవుతాయి. అన్నీ కలిపితే 2,80,000 దాటుతుంది. మీ బ్యాంకులో ఉన్నది మూడు లక్షలు.

ఇంత పెట్టాక బండి ఎంత లేస్తుందో కూడా చూడాలి. మీ బండికి కంపెనీ ఇచ్చింది 245/75 ఆర్16. దాని ఎత్తు 774 మిల్లీమీటర్లు. 285/75 ఆర్16 ఎత్తు 834. తేడాలో సగమే నేలకూ బండికీ మధ్య పెరుగుతుంది, అంటే మూడు సెంటీమీటర్లు. లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుంది గానీ, వెనక ఇరుసు మీదున్న డిఫరెన్షియల్ గుండుని లేపదు. గట్టు మీద మట్టికి ముందు తగిలేది ఆ గుండే. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ మూడు సెంటీమీటర్లే.

మన డెల్టా మట్టి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రాళ్లూ ఇసుకా ఉన్నచోట పనికొచ్చే లెక్కలు ఇక్కడ సాగవు. నల్ల బంకమట్టి నానిందంటే ఎంత లోతు గాడులున్న మడ్ టైరుకైనా నాలుగు చుట్లలో నిండా అంటుకుని నున్నటి రోలరు చేసేస్తుంది. వెడల్పు రిమ్ము చక్రాన్ని బయటికి నెడుతుంది. అంటే మీ గట్టు అంచుకు ఇంకా దగ్గరగా నడుస్తుంది. చెరువు గట్టు అంచు నానితే విరుగుతుందని మీకు తెలుసు. ఎనిమిదెకరాల రొయ్య పక్కన ఆ సాహసం నాకు నచ్చలేదు. పైగా బయటికి పొడుచుకొచ్చిన చక్రం బేరింగుల మీద బరువు పెంచుతుంది, బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది.

మీ దగ్గరున్న ఉక్కు రిమ్ముల్ని తక్కువగా చూడకండి. ఖరీదైన ఎల్ఎక్స్ మోడల్‌కి వచ్చే 255/65 ఆర్18 టైరు గోడ ఎత్తు 166 మిల్లీమీటర్లు. మీ టైరుది 184. బురదలో గాలి తగ్గించి నడపడానికి ఎత్తు గోడే మంచిది. ఉక్కు రిమ్ము వంగితే ఊళ్లో కొట్టి సరిచేస్తారు, అల్లాయ్ పగిలితే కొత్తది కొనాల్సిందే. ఉప్పునీటి చెరువుల దగ్గర ఉక్కు తుప్పు పడుతుంది, నిజమే. ఏడాదికోసారి గీకించి రంగు వేయిస్తే సరిపోతుంది.

గాలి సంగతి చెప్పాను కాబట్టి ఒక చవకైన ఉపాయం కూడా చెబుతాను. గట్టు ఎక్కేముందు టైర్లలో గాలి 20 పాయింట్లకు దించండి. టైరు అడుగు పరుచుకుని పట్టు దొరుకుతుంది. నెమ్మదిగా నడపండి, మలుపుల్లో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు. రోడ్డెక్కగానే డోరు దగ్గర స్టిక్కరు మీదున్న అంకెకు మళ్లీ నింపుకోండి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. బ్యాటరీకి తగిలించే మంచి కంప్రెసరుకు నాలుగు వేలు పెట్టుకోండి.

చట్టం మాట కూడా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. చెరువుల దగ్గర ఎవరు అడుగుతారు అనుకుంటాం. కానీ ప్రమాదం జరిగిన రోజున బీమా సర్వేయరు వచ్చి లిఫ్ట్ కిట్టు, సైజు మారిన టైర్లు ఫొటో తీసుకుంటాడు. చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ ఆపడానికి బీమా కంపెనీకి మనమే ఇచ్చిన సాకు అవుతాయి. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. బండి పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, అవతలివాళ్లకు దెబ్బ తగిలి పరిహారం వివాదం మీ మీదకు వస్తే చెరువు పొలం అమ్ముకోవాల్సి రావచ్చు. ఇంకొకటి, 285 టైరుతో మీటరు 80 చూపిస్తుంటే బండి 86 మీద పోతూ ఉంటుంది, బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకుకు దూరమూ ఎక్కువ పడుతుంది.

మైలేజీ లీటరుకు 12 నుంచి 11కి పడిందనుకోండి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే పదకొండు లీటర్లు అదనం, లీటరు 97 లెక్కన నెలకు 1,100 రూపాయలు. టైరు ఉన్నన్నాళ్లూ ఈ ఖర్చు ఉంటుంది.

ఇక మీ డబ్బు. అరువు మేతలో బస్తాకు 120 రూపాయలు ఎక్కువ పడుతోంది. వంద రోజుల పంటకు అది 5 శాతం, ఏడాదికి 18 శాతం పైన. మన భాషలో నూటికి రూపాయిన్నర వడ్డీ. డీలరు దాన్ని వడ్డీ అనడు కాబట్టి మనకు కనబడదు. ఆ ఈఎంఐ 9,793 అంటే నెలకు నాలుగు బస్తాల నగదు మేత. చక్రాలకు వడ్డీ కడుతూ, మేతకు కూడా వడ్డీ కట్టడం మీలాంటి కష్టజీవికి తగదు. అందులోనూ పంట మీద భరోసా ఎంత? తెల్లమచ్చ వైరస్ రొయ్యకు తగిలితే నెల పంటకే చెరువు ఖాళీ చేయాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎలా గాభరా పడ్డారో మీరు చూశారు. ఈఎంఐకి ఇవేవీ పట్టవు, ఐదో తారీకున వచ్చి నిలబడుతుంది.

అందుకే మూడు లక్షల్ని ఇలా వాడమంటాను. నాలుగు ఆల్ టెరైన్ టైర్లు, 245/75 ఆర్16, మీ ఉక్కు రిమ్ములకే: 56 వేలు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంటు, కంప్రెసరు, మంచి లాగుడు తాడు కలిపి 9 వేలు. ఇప్పుడున్న స్టెప్నీ వాడకపోయి ఉంటే అదే సైజు కాబట్టి ఇంటికి చేర్చడానికి పనికొస్తుంది, 2021 నాటి రబ్బరు కాబట్టి దాని మీద దూరాలు మాత్రం వెళ్లకండి. ఇంటి ఖర్చుకు నాలుగున్నర నెలల లెక్కన 1,60,000 కదపకుండా ఉంచండి. 45 వేలతో ఈ రెండు నెలలకు కొంత మేత నగదుకు కొనండి.

మిగిలిన 30 వేలు గట్టుకి. ఇది నేను బాగా ఆలోచించి చెబుతున్న మాట. బండి దిగబడేది రెండు వందల అడుగుల్లోనే అన్నారు. పదడుగుల వెడల్పు, అరడుగు మందాన గ్రావెల్ పోస్తే వెయ్యి ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు వంద అడుగులనుకుంటే పది ట్రక్కులు. ట్రక్కు మూడు వేలు పడినా 30 వేలతో అయిపోతుంది. ముందు కింద ఇటుక ముక్కలు పరిస్తే గ్రావెల్ బంకమట్టిలోకి కూరుకుపోదు. పెద్ద టైరు మీ ఒక్క బండినే దాటిస్తుంది. ఆ బాట మీద మేత ఆటో వస్తుంది, ఐసు బండి వస్తుంది, పట్టుబడి రోజున కొనుగోలుదారు వ్యాను షెడ్డు దాకా వస్తుంది. క్రేట్లు మోసే కూలి తగ్గుతుంది, రొయ్య త్వరగా ఐసులో పడుతుంది. లీజు చెరువు వైపైతే మాత్రం యజమానితో మాట్లాడి ఖర్చు లీజులో సర్దుకోండి.

అల్లాయ్‌ల మీద మనసుందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. అందులో తప్పేమీ లేదు. ఎండలో, వానలో, అర్ధరాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే పరుగెత్తే మనిషికి తన బండి అందంగా ఉండాలనిపిస్తుంది. ప్రతి పట్టుబడిలో డీలరు బాకీ తీరాక మిగిలిన దాంట్లో ఐదు శాతం వేరే ఖాతాలో వేయండి. అరువు మేత పూర్తిగా మానేసిన పంటకి ఆ ఖాతాలోంచి ఐదు అల్లాయ్‌లు, 16 అంగుళాలవే, చక్రం బయటికి పొడుచుకు రాకుండా కంపెనీ ఆఫ్‌సెట్‌తోనే, ఐఎస్ఐ గుర్తున్నవి కొనుక్కోండి. బీమా కంపెనీకి రాసి పాలసీలో ఎక్కించుకోండి.

టైర్లు కొనేటప్పుడు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి. చివరి రెండు సంవత్సరం, మొదటి రెండు వారం. 1225 అంటే 2025లో 12వ వారం తయారీ. ఆరు నెలలకు మించి పాతదైతే వేరేది అడగండి. టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, మీ పాత టైరు మీదున్న దానికంటే తగ్గకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, బిల్లులో ఆ రేటే ఉందో లేదో చూసుకోండి.

టైర్లు ఈ వారమే వేయించుకోవచ్చు గానీ గ్రావెల్‌కు ఈరోజే ఫోన్ చేయండి. గట్టు నానిందంటే గ్రావెల్ తెచ్చే ట్రాక్టరు కూడా లోపలికి రాలేదు.